టీనేజి పిల్లల నవలకి వికీపీడియాలో సొంత పేజీ ఉండాలా? తొలగింపు చర్చకి వచ్చిన వ్యాసం, సలహా కావాలి

సిరాచుక్క

అందరికీ నమస్తే. పోయిన నెల తెలుగు వికీపీడియాలో ఒక నవల మీద వ్యాసం రాశాను. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో దొరికిన పుస్తకం. తండ్రి మస్కట్ వెళ్లిపోయిన ఇంట్లో పద్నాలుగేళ్ల పిల్ల, తల్లి, నానమ్మ. ముగ్గురు ఆడవాళ్లు, నెలకోసారి వచ్చే ఉత్తరం, అంతే కథ. పెద్దల నవల కాదు, రాజుగారి ఏడుగురు కొడుకుల కథా కాదు. సరిగ్గా ఆ వయసు పిల్లలకే రాసింది. మొదటి ముద్రణ 1993 డిసెంబరు.

నిన్న పొద్దున చూస్తే పేజీ నెత్తిన తొలగింపు మూస, అంటే ఈ పేజీని తీసేయాలా అని అడిగే నోటీసు, ఉంది. విషయ ప్రాముఖ్యత కనబడటం లేదు, మూలాలు చాలవు, వారం రోజుల్లో చర్చించండి అని.

నవల పేరు, రచయిత పేరు ఇక్కడ చెప్పను. బయట ఊరంతా చాటింపు వేసి జనాన్ని పోగేసుకుని అక్కడ ఓట్లు వేయించడం వికీలో తప్పు. పైగా పేరు చెబితే పుస్తకం బాగుందా లేదా అన్న వైపు మాట మళ్లుతుంది. నాకు కావలసింది అది కాదు.

నా దగ్గరున్నవి చెబుతాను. పుస్తకంలోనే మూడు ముందుమాటలు, అందులో ఇద్దరు పేరున్న కవులు. దినపత్రిక జిల్లా అనుబంధంలో ఆవిష్కరణ సభ వార్త, ఫొటోతో సహా. ఒక ఆదివారం "స్వీకారం" శీర్షికలో మూడు లైన్లు. ఒక బ్లాగులో పరిచయం. రెండో ముద్రణకి ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య. ఇన్ని ఉన్నా చాలవా?

మొలకలమనిషి

సిరాచుక్క గారూ, వికీలో పదేళ్లుగా ఉన్నవాణ్ని కాబట్టి ఒక్కొక్కటీ చూద్దాం. మూస పెట్టినవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. నేనూ ఇలాంటివి వందల్లో పెట్టాను, నావీ పోయాయి.

అక్కడ అడిగే ప్రశ్న ఒకటే. ఈ పుస్తకంతో ఏ సంబంధమూ లేని మనిషి, సంపాదకుడి చేతిమీదుగా వచ్చే చోట, దీని గురించి కాస్త వివరంగా రాశాడా? పుస్తకం గొప్పదా అని ఎవరూ అడగరు.

ముందుమాట దీనికి పనికిరాదు. రాసినవాడు ఎంత పెద్ద కవి అయినా, రచయిత అడిగితే రాసిందే కదా. పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషి పిల్లవాడు బుద్ధిమంతుడని చెప్పినట్టు. అది నిజమే కావచ్చు, సాక్ష్యంగా మాత్రం నిలవదు.

ఆవిష్కరణ వార్తలో ఏముంటుంది? వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారు, ముఖ్య అతిథి సమాజానికి ఇలాంటి రచనలు అవసరమన్నారు, వందన సమర్పణ ఎవరు చేశారు. పుస్తకంలో ఏముందో ఒక్క వాక్యం ఉండదు. నాకు తెలిసి ఆ వార్త సగం సార్లు నిర్వాహకులే రాసి పంపుతారు.

"స్వీకారం" అంటే పుస్తకం అందింది అని రసీదు. పేరు, పేజీలు, వెల, ప్రతులకు ఫలానా బుక్ హౌస్. అంతకుమించి ఏమీ ఉండదు.

ఐఎస్‌బీఎన్ మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, ఎవరు అడిగినా. అది పుస్తకం ఉందని చెబుతుంది. ఎవరైనా పట్టించుకున్నారని చెప్పదు.

ఇక బ్లాగు. రాసినవారెవరు, ఎవరైనా దిద్దారా? సొంత బ్లాగైతే కష్టం.

పాలమూరు పిల్ల

మొలకలమనిషి అన్నా, నాకు మండుతున్నది. తెలుగు వికీల లక్ష దాటినయి వ్యాసాలు. వారం ఆడని సినిమాకి పేజీ ఉన్నది. పది ఇండ్లున్న ఊరికి పేజీ ఉన్నది. ఒక ఆడపిల్ల బతుకు మీద రాసిన నవలకి జాగ లేదా? పేపరోళ్లు రాయలేదంటే అది పుస్తకం తప్పా, పేపరోళ్ల తప్పా?

2018ల డోనా స్ట్రిక్‌లాండ్ సంగతి యాది చేసుకోండ్రి. ఇంగ్లీషు వికీల ఆమె మీద పేజీ ముసాయిదా పంపితే మే నెలల మూలాలు చాలవని తిప్పి కొట్టిన్రు. అక్టోబరు 2న ఫిజిక్స్ నోబెల్ వచ్చినంక గానీ పేజీ రాలేదు. అప్పటిదాంక ఆమె చేసిన పని పని కాదా?

మొలకలమనిషి

చెల్లీ, నీ కోపంలో న్యాయం ఉంది. ఊళ్ల సంగతి వేరు. జనాభా లెక్కల్లో ప్రతి గ్రామానికీ ఒక పట్టిక ఉంది, అందుకని పేజీ నిలబడుతుంది. ఇక సినిమాలు. ఎంత చెత్త సినిమాకైనా శుక్రవారం సాయంత్రానికి నాలుగు సమీక్షలు వస్తాయి. మంచి నవలకి నాలుగేళ్లయినా ఒకటి రాదు. ఆ తేడా వికీ పెట్టింది కాదు, వికీలోకి వచ్చి కనబడుతోంది.

అయినా "దానికి ఉంది కదా, దీనికెందుకు లేదు" అన్న వాదన అక్కడ చెల్లదు. ఆ పేజీ కూడా తీసెయ్యాల్సిందేమో అంటారు.

స్ట్రిక్‌లాండ్ విషయంలో నాకు అర్థమైంది వేరే. మూలాలు లేక కాదు, వెతకక. అందుకే మన పని ముందు వెతకడం.

బే ఏరియా బాబాయి

మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్ లైబ్రరీలో వాలంటీరు. దాని పుణ్యమా అని ఈ యంగ్ అడల్ట్ పుస్తకాల లోకం నాకు కొంచెం తెలుసు. ఇంగ్లీషు వికీలో పుస్తకాలకు విడిగా నియమం ఉంది. ఐదు దారులు. పుస్తకంతో సంబంధం లేని రెండు మూడు చోట్ల వివరమైన రాతలు రావడం ఒకటి. పెద్ద సాహిత్య బహుమతి ఒకటి. పేరున్న సినిమాకో మరో కళారూపానికో మూలం కావడం. బడుల్లో, కాలేజీల్లో పాఠంగా చెప్పడం. చివరిది, ఆ రచయిత ఏం రాసినా చరిత్రే అనదగ్గంత పెద్దవాడు కావడం. ఏ ఒక్కటి ఉన్నా చాలు.

ఇక్కడి పిల్లల నవల మొదటి మెట్టు సులువుగా ఎక్కేస్తుంది. ఎందుకంటే కిర్కస్, బుక్‌లిస్ట్, స్కూల్ లైబ్రరీ జర్నల్, హార్న్ బుక్ అని పత్రికలున్నాయి. లైబ్రరీలు ఏ పుస్తకం కొనాలో వాటిని చూసి నిర్ణయిస్తాయి. కొనేవాడికి సమీక్ష అవసరం, కాబట్టి సమీక్ష పుడుతుంది. అందులోనూ పేచీలున్నాయి. రెండు వందల పదాల సమీక్షని వివరమైనదిగా లెక్కేయాలా అని కొట్టుకుంటారు. డబ్బు కట్టించుకుని రాసే కిర్కస్ ఇండీ సమీక్షల్ని ఒప్పుకోరు. గుడ్‌రీడ్స్, అమెజాన్ చుక్కలు అసలే వద్దు.

"ఎరగాన్" తెలుసు కదా, టీనేజి పిల్లల ఫాంటసీ నవల. క్రిస్టఫర్ పవోలిని కుటుంబమే 2002లో సొంతంగా అచ్చు వేసి, బడులూ లైబ్రరీలూ తిరిగి అమ్మింది. 2003లో నాఫ్ అనే పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుని వేశాక ప్రపంచమంతా చదివింది. పుస్తకం లోపలి కథ రెండు ముద్రణల్లోనూ ఇంచుమించు అదే. మారింది బయట దాని గురించి ఎంతమంది రాశారన్నదే. నాకు ఈ ఉదాహరణ చాలా ఇష్టం, ఎందుకంటే ప్రాముఖ్యత అనేది పుస్తకం అట్టల మధ్య ఉండదని దీన్ని చూస్తే తెలుస్తుంది.

జగిత్యాల టీచరమ్మ

బహుమతుల గురించి నేను చెబుతా, ఇక్కడ చాలామంది తికమక పడుతుంటారు. సాహిత్య అకాడెమీ యువ పురస్కారం అంటే యువత చదివే పుస్తకానికిచ్చేది కాదు. రాసినవాళ్ల వయసు 35 లోపు ఉండాలి, అంతే. మన సంగతికి పనికొచ్చేది బాల సాహిత్య పురస్కారం. 2010లో మొదలైంది. తెలుగులో మొదటిసారి కలువకొలను సదానంద గారి "అడవితల్లి"కి ఇచ్చారు. 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ గారి "మాయాలోకం" నవలకి వచ్చింది. అలాంటివాటికి పేజీ ఉండాలా అని చర్చే అక్కర్లేదు.

కానీ సిరాచుక్క గారి నవల 1993ది. అప్పటికి ఈ పురస్కారమే లేదు. రాని బహుమతికి ఆ పుస్తకాన్ని తప్పు పడతామా?

ఇంకొకటి. ఈ నవలలోంచి ఏ భాగమైనా ఉపవాచకంలోనో వాచకంలోనో వచ్చిందా? అలా వస్తే గట్టి ఆధారమే.

సిరాచుక్క

లేదు మేడం. పాత వాచకాలు దొరికినంత వరకు చూశాను.

గుంటూరు గ్రంథపాలకురాలు

నేను పుస్తకాల మధ్యే బతుకుతున్నదాన్ని, ఒక మాట. "జాతీయ గ్రంథాలయంలో ప్రతి ఉంది" అని మీ వ్యాసంలో రాశారేమో, దాన్ని ఆధారంగా చూపకండి. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ కోల్‌కతాకి పంపాల్సిందే. అక్కడ ఉండటం గొప్ప కాదు, లేకపోతేనే ప్రచురణకర్త తప్పు.

ఇంకో బాధ కూడా చెప్పుకుంటాను. బే ఏరియా బాబాయి గారు చెప్పినట్టు మా దగ్గర సమీక్ష చూసి కొనే పద్ధతి లేదు. జాబితా వస్తుంది, కట్టలు వస్తాయి, అరలో పెడతాం. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకని విడిగా అర కూడా లేదు. బాలసాహిత్యం అనే బీరువా, పక్కనే నవలలు. ఇలాంటి పుస్తకం ఒక లైబ్రరీలో ఇటు, ఇంకో లైబ్రరీలో అటు. పత్రికల్లోనూ అంతే. బాలల పేజీ వాళ్లు ఇది పెద్దదనుకుంటారు, సాహిత్య పేజీ వాళ్లు ఇది చిన్నపిల్లలదనుకుంటారు. రెండు పేజీల మధ్యన పడి కనబడకుండా పోతుంది.

కాబట్టి వెతికేటప్పుడు రెండు వైపులా వెతకండి. 1994, 95 నాటి వారపత్రికల్లో పుస్తక సమీక్షలు ఇప్పటికంటే పొడుగ్గా ఉండేవి. అవి నెట్‌లో దొరకవు. గూగుల్‌లో లేదంటే ఎక్కడా లేదని అనుకోవద్దు.

సిరాచుక్క

మూడు రోజులు ఆలస్యంగా వస్తున్నాను, క్షమించండి. రచయిత ఇప్పుడు లేరు. వాళ్లమ్మాయి నంబరు ప్రచురణకర్త దగ్గర తీసుకుని ఫోన్ చేశాను. వెళ్లి కలిశాను కూడా.

ఆవిడ ఒక బిస్కెట్ల రేకు డబ్బా తీసుకొచ్చారు. నిండా పదిహేను పైసల పోస్టు కార్డులు. నవల చదివిన పిల్లలు రాసినవి. ఒక కార్డు మీద హాస్టల్ పిల్ల, పెన్సిలుతో గీతలు గీసుకుని మరీ రాసింది. "మా నాన్న కూడా దుబాయిలో ఉన్నాడు. మీ నవలలో నానమ్మ ఉత్తరం చదివించుకునేటప్పుడు ప్రతిసారీ చెయ్యి కడుక్కొని వస్తుంది కదా, మా నానమ్మ కూడా అంతే. మీకెలా తెలుసు?" అని. చదువుతూ నాకు గొంతు పూడుకుపోయింది.

ఇవి ఆధారంగా పనికిరావా అన్నా?

మొలకలమనిషి

ఈ మాట చెప్పడానికి నాకూ మనసొప్పడం లేదు. పనికిరావు. అచ్చు కాని ఉత్తరం వికీకి ఆధారం కాదు, ఎవరూ వెళ్లి సరిచూసుకోలేరు కదా. కానీ ఆ కార్డుల మీద మీరు ఒక వ్యాసం రాసి సంపాదకులున్న పత్రికకు పంపండి. 1998 నుంచి నడుస్తున్న "ఈమాట" లాంటి చోట్లు ఉన్నాయి. అచ్చయితే రేపు ఇంకొకరు దాన్ని చూపగలరు. మీరే రాసి మీరే వికీలో మూలంగా పెట్టుకోకండి, అంతే.

ఆ డబ్బాలో కార్డులు తప్ప ఇంకేమైనా ఉన్నాయా? పత్రికల ముక్కలు?

సిరాచుక్క

ఒకటుంది! అడుగున మడత పెట్టి. వారపత్రికలో పూర్తి పేజీ సమీక్ష. కానీ పై అంచు కత్తిరించేశారు, తేదీ లేదు, పేజీ అంకె లేదు. పత్రిక ఏదో అక్షరాల తీరు చూసి వాళ్లమ్మాయి చెప్పారు. వెనక పక్క సగం తెగిన వారఫలాలు. "మార్చి 11 శుక్రవారం నుంచి 17 గురువారం వరకు" అని చదవగలిగాను. సంవత్సరం లేదు.

చీరాల చిన్నోడు

ఇంతకంటే ఏం కావాలండీ. పుస్తకం 1993 డిసెంబరుది అన్నారు. దాని తర్వాత మార్చి 11 శుక్రవారం పడిన మొదటి సంవత్సరం 1994. తర్వాతది 2005, అప్పటికి సమీక్ష చేయరు. కాబట్టి 1994 మార్చి మొదటి, రెండు వారాల సంచికల్లో ఒకటి.

వేటపాలెం సారస్వత నికేతనం మా ఇంటికి దగ్గరే. 1918లో పెట్టిన లైబ్రరీ, పాత పత్రికలకి పెట్టింది పేరు. పత్రిక పేరు నాకు విడిగా పంపండి, శనివారం వెళ్తాను.

విజయనగరం వెంకట

నేను కొంచెం అడ్డం పడతాను, ఏమీ అనుకోకండి. సమీక్ష దొరికినా అది ఒక్కటి. ఒక్క సమీక్షతో సొంత పేజీ ఎందుకు? రచయిత మీద పేజీ రాసి అందులో ఈ నవలకి ఒక పేరా ఇస్తే సరిపోదా? నవల పేరు కొడితే అక్కడికి వెళ్లేలా దారిమార్పు పెట్టొచ్చు. రెండు లైన్ల మొలకలు వందలు ఉండటం కంటే ఒక్క నిండు వ్యాసం ఉండటం చదివేవాళ్లకి మేలు.

ఇంకో అనుమానం. సమీక్ష రాసింది ముందుమాట రాసిన ముగ్గురిలో ఒకరు కాదు కదా? మన దగ్గర ఇది మామూలే. ముందుమాట రాసినాయనే నాలుగు వాక్యాలు మార్చి పత్రికకి ఇస్తారు.

సిరాచుక్క

మంచి ప్రశ్న వెంకట గారూ. చూశాను, ఆ ముగ్గురిలో లేరు. పైగా సమీక్షలో పొగడ్త మాత్రమే లేదు. నానమ్మ మాట తీరు బాగా పట్టారని చెబుతూ, రెండో సగంలో కథ పరుగు పెట్టిందనీ, తండ్రి తిరిగొచ్చే ఘట్టం అతికించినట్టుందనీ తప్పు పట్టారు. చదివి మొదట నొచ్చుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆ మాట నిజమే.

మొలకలమనిషి

నొచ్చుకోకండి, తప్పు పట్టిన సమీక్షే మనకి ఎక్కువ పనికొస్తుంది. పుస్తకాన్ని నిజంగా చదివి రాశారని దానితోనే తెలుస్తుంది.

దారిమార్పు సంగతి వెంకట గారు చెప్పింది సబబే. మామూలుగా నేనూ అదే అంటాను. చిక్కల్లా రచయిత మీద పేజీ లేకపోవడమే. ఆయన రాసింది ఈ ఒక్క నవలే. ఆయన గురించి దొరికే నాలుగు ముక్కలూ ఈ నవల వల్లనే దొరికాయి. అలాంటప్పుడు పుస్తకం పేజీలోనే రచయిత గురించి ఒక పేరా పెట్టడం మేలు.

పాలమూరు పిల్ల

నేను శోధ్‌గంగల, అంటే మన దేశం యూనివర్సిటీల సిద్ధాంత గ్రంథాలు పెట్టే వెబ్‌సైటుల, వెతికిన. గల్ఫ్ వలస మీద తెలుగుల వచ్చిన నవలలు, కథలు అని ఒక పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం దొరికింది. అందుల నాలుగో అధ్యాయంల ఆరు పేజీలు ఈ నవల మీదనే! మిగిలిన నవలలన్నీ పోయినోని దిక్కు నుంచి చెప్తే, ఇది ఇంటికాడ ఉన్న పిల్ల కండ్లతోని చెప్పింది అని రాసిన్రు. లింకు సిరాచుక్క అక్కకి పంపిన.

బే ఏరియా బాబాయి

శభాష్ అమ్మాయీ. పీహెచ్‌డీ గ్రంథమైతే బయటి పరీక్షకులు చూసి ఒప్పుకున్నదే కాబట్టి మూలంగా నిలుస్తుంది. ఎంఏ ప్రాజెక్టు రిపోర్టైతే ఇంత ధీమాగా చెప్పలేం.

చీరాల చిన్నోడు

వెళ్లొచ్చాను. దొరికింది!

1994 బైండు తీయించాను. మార్చి మొదటి వారం సంచిక అనుకున్నాను, కాదు. మార్చి 11 తేదీ వేసిన సంచికే, 46వ పేజీ. అంచు తెగని పేజీ కళ్లారా చూశాను. పైన "పుస్తక పరిచయం" అని శీర్షిక, కింద సమీక్షకుడి పూర్తి పేరు. అదే పేజీ వెనక వారఫలాలు. కాగితం అప్పడంలా ఉంది, ఫొటో తీస్తుంటే లైబ్రరీ ఆయన తానే రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. ఫొటో మీకు పంపాను. వికీలో ఎక్కించకండి, పత్రిక వాళ్ల హక్కులుంటాయి. తేదీ, పేజీ అంకె, సమీక్షకుడి పేరు, శీర్షిక ఇస్తే చాలు. మూలం నెట్‌లో ఉండాలని నియమమేమీ లేదు, అచ్చులో ఉన్నా చెల్లుతుంది.

మొలకలమనిషి

చిన్నోడా, నీ కాళ్లకి దండం. ఇప్పుడు పూర్తి పేజీ సమీక్ష ఒకటి, సిద్ధాంత గ్రంథంలో ఆరు పేజీలు. ఒకదానితో ఒకటికి సంబంధం లేదు, రచయితతోనూ లేదు. మధ్యన ఇన్నేళ్ల ఎడం ఉండటం ఇంకా బలం. పుస్తకం వచ్చిన కొత్తలోనే కాదు, తర్వాత కూడా ఎవరో తీసి చదివారు. ఉంచాలనే నా మాట.

కానీ వ్యాసాన్ని ఇప్పుడున్నట్టు ఉంచితే నేనే ఒప్పుకోను. మీ పేజీలో మూడొంతులు కథే ఉంది, చివరి అధ్యాయం దాకా. కథని రెండు పేరాలకి దించండి. "హృదయాన్ని కదిలించే అద్భుతమైన నవల" అని మొదటి వాక్యం. ఎవరు కదిలారు? మీరు. దాన్ని తీసేసి, నానమ్మ సంభాషణల్ని ఫలానా సమీక్షకుడు 1994లో మెచ్చుకున్నాడు, రెండో సగం తొందరపడిందన్నాడు అని రాయండి. వలస సాహిత్యంలో దీని చోటు గురించి సిద్ధాంత గ్రంథం ఏమందో రాయండి. ముందుమాటల్ని ప్రాముఖ్యతకి వాడకండి గానీ, రచయిత ఊరు, ఉద్యోగం లాంటి వివరాలకి వాడుకోవచ్చు. ఆవిష్కరణ సభ ఎక్కడ జరిగిందో ఒక్క ముక్క చాలు.

విజయనగరం వెంకట

రెండు మూలాలు నాకు ఇప్పటికీ బొటాబొటిగానే అనిపిస్తున్నాయి. మూడోది దొరికితే బాగుండేది. అయినా సిద్ధాంత గ్రంథంలోని ఆ ఆరు పేజీలు చదివాను. ఊరికే పేరు చెప్పి దాటేసింది కాదు, నిజంగా చర్చించారు. తీసెయ్యమని మాత్రం అనను.

జగిత్యాల టీచరమ్మ

మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లు ఎన్నో. నా క్లాసులో అలాంటి పిల్లలు ఏటా ఉంటారు. పుస్తకం ఎక్కడైనా దొరుకుతుందా? పేరు నాకు విడిగా చెప్పండి. ఒక్క ప్రతి ఉన్నా మా బడి లైబ్రరీకి తెచ్చుకుంటాను.

సిరాచుక్క

మేడం, రచయిత వాళ్లమ్మాయి దగ్గర రెండో ముద్రణ ప్రతులు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయట. మీ బడి చిరునామా నాకు పంపండి, ఆవిడకి చెబుతాను.

రాత్రి కూర్చుని వ్యాసం తిరగరాశాను. కథ పదకొండు పేరాల నుంచి రెండుకి వచ్చింది. మొదటి వాక్యం ఇప్పుడు నవల పేరు, రచయిత, సంవత్సరం, ఎవరి కోసం రాసింది అన్నంతవరకే. సమీక్ష, సిద్ధాంత గ్రంథం రెండూ పేజీ అంకెలతో ఇచ్చాను. ఇక్కడి ఈ చర్చ సంగతి కూడా అక్కడి చర్చాపేజీలో చెప్పేశాను, దాచిపెట్టినట్టు ఉండకూడదని. మూస పెట్టినాయన పొద్దున్నే చూసి, వేటపాలెం వెళ్లినవారికి కృతజ్ఞతలు అని రాసి, తన అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు. గడువు ఎల్లుండి దాకా ఉంది. నిర్వాహకులు చూసి ముగించాలి.

చీరాల తమ్ముడూ, ఒక్క సాయం. మళ్లీ అటు వెళ్లినప్పుడు అదే బైండులో ఏప్రిల్, మే సంచికల ఉత్తరాల పేజీలు చూస్తావా? ఆ సమీక్ష మీద ఎవరైనా పాఠకులు జవాబు రాశారేమో.

చీరాల చిన్నోడు

వచ్చే శనివారం అక్కా.